నేల టికెట్ మాట



ఈ వారం సంక్షేమ హాస్టళ్ళ చరిత్ర రాస్తానని పోయిన భాగం చివర చెప్పాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నాను. కారణం ఒక వాట్సాప్ స్టేటస్.

నా దగ్గర డిగ్రీ రెండో ఏడాది చదివే కుర్రాడొకడు ఈ మధ్య ఒక సినిమా చూసొచ్చి రాత్రి స్టేటస్ పెట్టాడు. మొత్తం ఆరు లైన్లు. సినిమా పేరు చెప్పను. చెబితే కింద కామెంట్లలో అందరూ ఆ హీరో గురించే కొట్టుకుంటారు, అసలు సంగతి పక్కకి పోతుంది. వాడు రాసిన దాని సారం ఇది. హీరో పక్కన ఒక స్నేహితుడున్నాడు. మనిషి, మాట, నడక అన్నీ మన వాడ పిల్లాడివే. హీరో కోసం దెబ్బలు తిన్నాడు, హీరో కోసం జైలుకి పోయాడు, చివరికి హీరో కోసం చచ్చిపోయాడు. రెండున్నర గంటల సినిమాలో వాడికి ఇంటిపేరు లేదు, ఇల్లు లేదు. చచ్చిపోయాక ఏడ్చింది కూడా హీరోనే. వాడికి అమ్మ లేదా? ఉంటే ఆమె ఏడవదా?

తెల్లారేసరికి ఆ స్టేటస్ స్క్రీన్‌షాట్ వాళ్ళ ఊరి అభిమానుల గ్రూపులో తిరిగింది. స్కాలర్‌షిప్ డబ్బులతో చదువుతూ సినిమాలకి వంకలు పెడుతున్నాడని ఒకరు. కులం పేరు పెట్టి ఇంకొకరు. వీళ్ళ నాన్న కౌలుకి చేస్తున్న పొలం ఎవరిదో, ఆ ఆసామి కొడుకు కూడా ఆ గ్రూపులోనే ఉన్నాడు. పొద్దున్నే నాన్నకి ఫోనొచ్చింది.

పది గంటలకి కుర్రాడు స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "మేడం, తీసెయ్యమంటారా?"

నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "తీసెయ్ నాన్నా. పరీక్షలయ్యాక రాసుకుందువులే."

తీసేశాడు.

మిత్రులారా, నా డాక్టరేట్ తెలుగు సాహిత్యంలో. అందులో మన గొంతు గురించి వందల పేజీలు రాశాను. అలాంటిదాన్ని ఆరు లైన్లు తీసెయ్యమన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సినిమా మీద మనం మాట్లాడితే ఎందుకింత గొడవవుతుంది? ఇది ఫోన్లు వచ్చాక మొదలైన గొడవేనా? కాదు. మా గుంటూరు ప్రాంతం చరిత్ర ఒక్కటి తిరగేస్తేనే వందేళ్ళ వెనక్కి పోతుంది.

గుర్రం జాషువాతో మొదలుపెడదాం. వినుకొండలో 1895లో పుట్టిన జాషువా మహాకవి అయ్యింది తర్వాత సంగతి. ఇరవై ఏళ్ళ వయసులో, 1915, 16 ప్రాంతంలో, రాజమండ్రిలో ఒక సినిమా హాల్లో ఉద్యోగం చేశాడు. అప్పటికి సినిమాకి మాటల్లేవు. తెర మీద బొమ్మలు కదులుతుంటే పక్కన ఒక మనిషి కథ చెప్పాలి, పాత్రల మాటలు చదవాలి. జాషువా పని అదే. అంటే మన తెలుగు సినిమా ఇంకా పుట్టకముందే, హాల్లో కూర్చున్న జనానికి సినిమాని మాటల్లో పెట్టి వినిపించిన గొంతుల్లో ఒకటి మన వాడది.

అయితే ఆ మాటలు ఎవరివి? తెర మీద నడిచే కథవి. చీకట్లో అతని గొంతు అందరికీ కావాలి. దీపాలు వెలిగాక, ఈ కథ నీకెలా అనిపించింది జాషువా అని అడిగేవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఈ తేడా గుర్తుపెట్టుకోండి. గొంతు ఉండటం వేరు, అభిప్రాయానికి చోటు ఉండటం వేరు. ఈ వ్యాసమంతా ఆ రెండింటి మధ్య ఉన్న దూరం గురించే.

ఇక 1938. గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశాడు. కథ చలం, మాటలు తాపీ ధర్మారావు, సంపాలత వేషం కాంచనమాల. తీసిన సారథి సంస్థ వెనుక ఉన్నది చల్లపల్లి జమీందారు. తెలుగు సినిమాలో వాడుక భాషని ధైర్యంగా వాడిన సినిమాగా దానికి పేరుంది. ఆ పేరు న్యాయమైనదే. అంతకు రెండేళ్ళ ముందే తిరువాన్కూర్‌లో గుడి తలుపులు తెరుస్తూ ప్రకటన వచ్చింది. గాంధీ హరిజన యాత్ర అప్పటికే ఆంధ్ర దేశం మీదుగా వెళ్ళింది. ఆ గాలిలో వచ్చిన సినిమా ఇది. మన కులం పేరు గోడల మీద పెద్ద పెద్ద అక్షరాల్లో, తిట్టుగా కాకుండా సినిమా పేరుగా వెలిసింది. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. తీసినవాళ్ళ ధైర్యాన్ని నేను తక్కువ చేయను.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పూజారి సుందరరామశాస్త్రి కొడుకు నాగరాజు సంపాలతని ప్రేమిస్తాడు. ఇద్దరూ కలకత్తా వెళ్ళిపోతారు. ఊళ్ళో శాస్త్రి మారడు. చివరికి ఇంటికి నిప్పంటుకుని శాస్త్రి భార్య మంటల్లో చిక్కుకుంటే, ఒక హరిజనుడు దూకి ఆమెని కాపాడతాడు. అప్పుడు శాస్త్రి మనసు మారుతుంది. గుడి తలుపు తెరుచుకుంటుంది.

చూశారా? మనం మనుషులమని రుజువు కావాలంటే ముందు మంటల్లో దూకాలి. దూకకపోతే గుడి తెరుచుకోదు. 1938లో మంట. మొన్న మా కుర్రాడు చూసిన సినిమాలో కత్తిపోటు. మధ్యలో ఎనభై ఏళ్ళకి పైగా గడిచాయి. మన ప్రాణం ఇంకా అవతలివాడి హృదయ పరివర్తనకి పెట్టే ఖర్చుగానే ఉంది. మా కుర్రాడు ఆరు లైన్లలో పట్టుకున్నది దీన్నే. వాడికి చలం తెలియదు, రామబ్రహ్మం తెలియదు. వాడికి వాళ్ళమ్మ తెలుసు. అది చాలింది.

'మాలపిల్ల' గురించి మన సినిమా చరిత్రలు చాలా చెబుతాయి. ఎవరు తీశారు, ఎవరు పెట్టుబడి పెట్టారు, సనాతనులు ఎలా మండిపడ్డారు, కాంచనమాల ఎంత అందంగా ఉంది. మాలపల్లె నుంచి నడిచొచ్చి నేల మీద కూర్చుని ఆ సినిమా చూసిన మాల స్త్రీ ఏమనుకుందో మాత్రం చెప్పవు.

మా ఇంట్లో మాత్రం ఒక మాట మిగిలింది. మా అమ్మమ్మకి అప్పుడు ఏడెనిమిదేళ్ళు. మిషను బడి పంతులుగారు పల్లెలో కొందరిని పోగేసి టౌనుకి తీసుకెళ్ళారట. మా అమ్మమ్మ తల్లి వెళ్ళింది. రోజు కూలి పోగొట్టుకుని వెళ్ళింది. తిరిగొచ్చాక అందరూ చుట్టూ చేరి ఎట్టా ఉందే అని అడిగితే ఆమె అన్న మాట ఇది.

"పిల్ల బాగుంది. ఆ చేతులు మాత్రం నాటేసిన చేతులు కావు."

అంతే. మా అమ్మమ్మ చనిపోయేదాకా, టీవీలో ఏ సినిమాలో కూలి మనిషి కనిపించినా ముందు చేతులే చూసేది. చూసి నవ్వేది. ఆ ఒక్క మాట మా ఇంట్లో నాలుగు తరాలు నడిచింది. ఇప్పుడు నేను క్లాసులో పాత్ర చిత్రణ పాఠం చెబితే ఈ మాటతోనే మొదలుపెడతాను. తెర మీద మన వేషం ఎవరు వేస్తున్నారు, మన శ్రమ ఆ శరీరం మీద కనిపిస్తోందా అనే ప్రశ్నని ఒక నిరక్షరాస్య కూలి మనిషి 1938లోనే వేసింది. ఏ పత్రికా అచ్చువేయలేదు. ఎందుకు వేస్తుంది, ఆమెని అడిగిందెవరు?

మనవాళ్ళు తెర మీదికి వస్తే ఏమయ్యేదో తెలుసుకోవాలంటే కేరళ వైపు చూడాలి. మలయాళంలో మొదటి సినిమా 'విగతకుమారన్'. జె.సి. డేనియల్ తీశాడు. నాయిక పి.కె. రోజీ దళిత స్త్రీ. వేసింది నాయర్ స్త్రీ పాత్ర. మన మనిషి నాయర్ స్త్రీగా తెర మీద కనిపించడాన్ని అగ్రకులాల ప్రేక్షకులు భరించలేకపోయారు. దాడి చేశారు. రోజీ ప్రాణం దక్కించుకుని తమిళనాడు వైపు వెళ్ళిపోయింది. మళ్ళీ సినిమాల్లో కనిపించలేదు. 2023 ఫిబ్రవరి 10న గూగుల్ తన మొదటి పేజీలో ఆమె బొమ్మ పెట్టింది. ఆ రోజు నా ఫోన్ నిండా రోజీనే. సంతోషమే. అయితే ఆమె ఏమనుకుందో, పారిపోతూ ఏమందో ఆ బొమ్మ చెప్పలేదు. అది ఎవరూ రాసుకోలేదు కాబట్టి.

మళ్ళీ జాషువా దగ్గరికి వద్దాం. 'మాలపిల్ల' వచ్చిన మూడేళ్ళకి, 1941లో, 'గబ్బిలం' వచ్చింది. క్లాసులో మేం దీన్ని సందేశ కావ్యం అని చెబుతాం. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపాడు కాబట్టి జాషువా నాయకుడు గబ్బిలంతో పంపాడు అని పోలిక చెప్పి మార్కులు వేస్తాం. ఒక్కసారి ఆ మనిషి పరిస్థితి చూడండి. చెప్పాల్సింది కాశీలో ఉన్న శివుడికి. గుడిలోకి తనకి ప్రవేశం లేదు. గుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలానికి ఉంది. మనిషికి లేని దారి ఆ జీవికి ఉంది. అందుకని దాని చెవిలో చెప్పాడు. 'మాలపిల్ల'లో శాస్త్రి మారితే గుడి తెరుచుకుంది. 'గబ్బిలం'లో నాయకుడు ఎవరి మనసు మారుతుందా అని కూర్చోలేదు. మంటల్లో దూకలేదు. ఫిర్యాదు రాశాడు, నేరుగా పంపాడు. తేడా ఎక్కడుందో మీకు తెలిసిపోయింది కదా. ఆ కథ మన గురించి, ఈ కబురు మన నుంచి.

మన నుంచి కబురు పోవాలంటే కాగితం కావాలి. అంబేద్కర్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' మొదలుపెట్టారు. మూగవాళ్ళ నాయకుడు అని దాని అర్థం. కొల్హాపూర్ పాలకుడు షాహూ మహారాజ్ 2,500 రూపాయలు ఇచ్చారు. పత్రిక వస్తోందని తిలక్ స్థాపించిన 'కేసరి'లో ప్రకటన వేయమని అడిగితే, డబ్బులిస్తామన్నా వేయలేదు. వార్త వేయకపోవడం కాదు, డబ్బు తీసుకుని ప్రకటన వేయడానికి కూడా చేతులు రాలేదు. ఇటు హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలతో వాడవాడకీ మాట చేర్చారు. ఆ కాలానికి హరికథ అంటే ఇప్పటి సినిమా లాంటిదే. జనం రాత్రంతా కూర్చుని వింటారు. జనం ఇష్టపడే కళనే మన మాట మోసే బండిగా చేసుకున్నారాయన. 1931లో సొంత పత్రిక పెట్టారు. సామాజిక ఉద్యమం, జనం కళ వేరువేరు గదులు కావని మన పెద్దలకి మనకన్నా ముందే తెలుసు.

పెద్ద పత్రికల సంగతి చూద్దాం. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు, ఢిల్లీలో ఒక విదేశీ విలేఖరి అడిగితే, దళిత జర్నలిస్టు కోసం వెతికాడు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న విలేఖరుల జాబితా పట్టుకుని ఒక్కొక్కరినీ విచారించాడు. ఒక్కరూ దొరకలేదు. ఆ వెతుకులాటనే ఆయన 'పయనీర్' పత్రికలో వ్యాసంగా రాశాడు. స్వాతంత్ర్యం వచ్చి 49 ఏళ్ళయ్యాక రాజధానిలో మన పరిస్థితి అది. అక్కడ వార్త రాసే మనిషే లేనప్పుడు సినిమా సమీక్ష రాసే మనిషి ఎక్కడి నుంచి వస్తాడు? మన దగ్గర 1985లో కారంచేడు తర్వాత దళిత ఉద్యమం సొంతంగా పత్రికలు పెట్టుకుంది. బొజ్జా తారకం 'నలుపు' నడిపారు. కవిత్వం సంకలనాలుగా వచ్చింది. మన మాట మన కాగితం మీద పడింది. ఆ కాగితం కూడా చదువుకున్నవాళ్ళ దాకానే వెళ్ళింది. నేల టికెట్ మాట ఇంకా నేల మీదే ఉంది.

ఇప్పుడు చెప్పబోయేది చుండూరు. సినిమా మీద మాట ఎందుకు ప్రాణాల మీదికి వస్తుందని అడిగేవాళ్ళు ఇది ఆగి చదవండి.

1991 జులై. అప్పటి గుంటూరు జిల్లా చుండూరు. రైలు సౌకర్యం ఉన్న ఊరు కావడంతో మన పిల్లలు తెనాలి, గుంటూరు వెళ్ళి చదువుకున్నారు. రైల్వేలో ఉద్యోగాలు తెచ్చుకున్నారు. మంచి బట్టలు కట్టారు. సినిమాకి వెళితే డబ్బు పెట్టి కుర్చీ టికెట్ కొన్నారు. ఒక రోజు సినిమా హాల్లో, చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ఒక అగ్రకుల యువకుడికి పొరపాటున తగిలింది. అంతే జరిగింది. దానిమీద గొడవ, తర్వాత వాడ మీద సాంఘిక బహిష్కరణ, పనులు బంద్. నెల తిరిగేసరికి, ఆగస్టు 6న, మన వాళ్ళని వెంటాడి నరికారు. ఎనిమిది మంది. శవాలని గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ప్రత్యేక కోర్టు ఆ ఊళ్ళోనే పెట్టాలని పోరాడి సాధించుకున్నాం. 2007లో ఆ కోర్టు 56 మందికి శిక్షలు వేసింది, అందులో 21 మందికి యావజ్జీవం. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

కాలు తగిలిందని చంపుతారా? కాలు ఒక సాకు. మన పిల్లాడు నేల మీద నుంచి లేచి కుర్చీలో కూర్చున్నాడు. అదీ కోపం. పక్క సీట్లో సమానంగా కూర్చుని, అదే పాటకి ఈల వేసి, అదే సీనుకి పెదవి విరిచాడు. సినిమా హాలు మన ఊళ్ళల్లో టికెట్ డబ్బు తప్ప ఇంకేమీ అడగని చోటు. గుడి అడుగుతుంది, హోటలు అడిగింది, బావి అడిగింది. హాలు అడగలేదు. అందుకే అక్కడ పక్కపక్కన కూర్చోవడం వాళ్ళకి అంత మంటగా ఉంది. ఇప్పుడు ఆ హాలు ఫోనులోకి వచ్చింది. ఫోను కూడా రీఛార్జ్ డబ్బు తప్ప ఏమీ అడగదు. మా కుర్రాడి స్టేటస్, ఆసామి కొడుకు స్టేటస్ ఒకే తెర మీద ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. మళ్ళీ కాలు తగిలింది.

ఫోను మనకేమిచ్చిందో చెప్పడానికి ఒక చిన్న ఉదాహరణ. 2016లో పా. రంజిత్ 'కబాలి' వచ్చింది. మొదట్లో జైల్లో రజనీకాంత్ ఒక పుస్తకం చదువుతూ కనిపిస్తాడు. చాలామందికి అది ఏదో పుస్తకం. నాకు ఒక పాత విద్యార్థి ఆ ఫోటో పంపి, "మేడం, ఇది మన బాలయ్య గారు" అని రాశాడు. నిజమే. అది వై.బి. సత్యనారాయణ గారి 'మై ఫాదర్ బాలయ్య'. తెలంగాణ మాదిగ కుటుంబం రైల్వే కూలి పనిలోంచి చదువులోకి నడిచిన కథ. పి. సత్యవతి గారు 'మా నాయన బాలయ్య'గా తెలుగు చేశారు. ఆ పుస్తకం కోసం మా కాలేజీ లైబ్రరీకి వచ్చిన పిల్లల్ని నా కళ్ళతో చూశాను. సినిమా మీద ఒక మాట, ఒక ఫోటో, ఒక పుస్తకం, ఒక పాఠకుడు. దీన్ని టైంపాస్ అంటారా?

అదే ఏడాది మొదట్లో మనం రోహిత్ వేములని పోగొట్టుకున్నాం. గుంటూరు బిడ్డ. ఆ కథ ఎక్కడ మొదలైందో ఒకసారి గుర్తుచేసుకోండి. 2015 ఆగస్టులో ముజఫర్‌నగర్ హింస మీద నకుల్ సింగ్ సాహ్నీ తీసిన డాక్యుమెంటరీ ప్రదర్శనని ఢిల్లీలో అడ్డుకున్నారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ దానికి నిరసన తెలిపింది. నిరసన చేసినవాళ్ళని గూండాలంటూ ఇంకో విద్యార్థి సంఘం నాయకుడు ఫేస్‌బుక్‌లో రాశాడు. ఒక సినిమా, ఒక పోస్టు. అక్కడి నుంచి గొడవ, ఫిర్యాదులు, కేంద్ర మంత్రి ఉత్తరం, అయిదుగురు పరిశోధక విద్యార్థులని హాస్టల్ నుంచి వెలివేయడం. వాళ్ళు క్యాంపస్‌లో టెంటు వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ లేడు.

రోహిత్ చాలా ఏళ్ళుగా ఫేస్‌బుక్‌లో రాసేవాడు. సైన్స్, రాజకీయం, కులం, తన రోజువారీ ఆలోచనలు. చనిపోయిన ఏడాదే ఆ పోస్టులని నిఖిలా హెన్రీ సంపాదకత్వంలో 'కాస్ట్ ఈజ్ నాట్ ఎ రూమర్' అనే పుస్తకంగా తెచ్చారు. దేశమంతా అతని చివరి ఉత్తరం చదివి ఏడ్చింది. నేను మా పిల్లలకి చెప్పేది వేరు. చివరి ఉత్తరం ఒక్కటే చదివితే మీకు చనిపోయిన రోహిత్ దొరుకుతాడు. ఆ పోస్టులు చదివితే బతికున్న రోహిత్ దొరుకుతాడు. ఆలోచించే, నవ్వే, తగువుపడే రోహిత్. ఎవరో అవన్నీ ఏరి పుస్తకం చేయకపోతే ఆ బతికున్న మనిషి ఎప్పుడో కిందికి జారిపోయేవాడు.

ఇక్కడ రెండు మాటలు నిష్ఠూరంగా చెప్పాలి.

మొదటిది, ఈ తెర మనది కాదు. మనం అందులో కౌలుదారులం. 2018 నవంబర్‌లో ట్విటర్ అధిపతి జాక్ డోర్సీ ఢిల్లీ వచ్చి, ఒక దళిత కార్యకర్త ఇచ్చిన పోస్టర్ పట్టుకుని ఫోటో దిగాడు. బ్రాహ్మణీయ పితృస్వామ్యాన్ని బద్దలు కొట్టమని ఆ పోస్టర్ మీద ఉంది. గొడవ లేచింది. వెంటనే ఆ కంపెనీ, అది మా అభిప్రాయం కాదని చెప్పుకుంది, కంపెనీ పెద్దల్లో ఒకరు క్షమాపణ చెప్పారు. అంత పెద్ద యజమాని ఒక కాగితం పట్టుకున్నందుకే వెనక్కి తగ్గాడు. మన పోస్టుని పదిమంది కలిసి రిపోర్ట్ కొడితే మన కోసం ఎవరు నిలబడతారు? పొలం ఆసామిదైనప్పుడు పంట ఇంటికి తెచ్చుకోవడం తెలియాలి. రాసింది దాచుకోండి. తేదీ వేసి, ఒక నోటుబుక్కులోనో, మీ మెయిల్‌లోనో పెట్టుకోండి. స్టేటస్ 24 గంటల్లో పోతుంది. మా అమ్మమ్మ తల్లి మాట ఏ ఫోనూ లేకుండా ఎనభై ఏళ్ళు దాటి బతికింది, ఎందుకంటే దాన్ని పిల్లలకి అప్పజెప్పారు.

రెండోది మన గురించి. మనమూ తక్కువ తినలేదు. దాడి జరిగిన ఊరి నుంచి శవం ఫోటో వస్తే, ఆ తల్లి చూస్తుందని కూడా ఆలోచించకుండా పంచేస్తాం. సినిమా చూడకుండానే ట్రైలర్ మీద తీర్పు చెప్పేస్తాం. ఆడపిల్ల ఒక పాట మీద అభిప్రాయం రాస్తే పాట వదిలేసి ఆమె ఫోటో మీద పడతారు, అందులో మనవాళ్ళూ ఉంటారు. నాకిది అనుభవమే. 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మాల పిల్లలు, మాదిగ పిల్లలు ఒకరినొకరు అన్న మాటలు నేను చదివాను. ఆ మాటలు మనకి ఎవరు నేర్పారో ఆలోచించారా? ఊరు మనల్ని తిట్టడానికి తయారు చేసిన మాటలవి. తర్వాత మనం వాటిని వాడుకున్నాం. వాదించండి, రోజంతా వాదించండి. ఊరి తిట్టు మాత్రం వాడలోకి తేకండి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. నచ్చని అభిప్రాయం రాసినందుకు అరెస్టు చేయడానికి వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. సినిమా బాగాలేదనడం నేరం కాదు. కులం పేరుతో తిట్టడం నేరం. ఇంటర్నెట్‌లో తిట్టినా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. అలాంటి కామెంట్ వస్తే తిరిగి తిట్టకండి. పేరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకుని పెద్దవాళ్ళ దగ్గరికి, న్యాయవాది దగ్గరికి వెళ్ళండి.

మళ్ళీ మా కుర్రాడి దగ్గరికి వస్తాను.

రెండు రోజుల తర్వాత వాణ్ణి పిలిచాను. "తీసెయ్యమని చెప్పడం నా తప్పు నాన్నా" అన్నాను. వాడు తల దించుకుని, "తప్పు కాదులెండి మేడం. మా నాన్న కౌలు పోతే ఎట్టా?" అన్నాడు.

వాడిది భయం కాదు, లెక్క. ధైర్యంగా ఉండమని చెప్పడం నాకు తేలిక. మూల్యం కట్టేది వాళ్ళ నాన్న. చుండూరులో బహిష్కరణ వచ్చినప్పుడు పని పోగొట్టుకున్నది వాడ, ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళు కాదు. కాబట్టి ఈ వ్యాసం చదివి ప్రతి ఒక్కరూ పోస్టు పెట్టాలని నేను చెప్పను. ఎవరికి కౌలు పొలం ఉందో, ఎవరికి హాస్టల్ సీటు ఉందో, ఎవరి అన్న ఎవరి దగ్గర డ్రైవరో, ఆ లెక్క ఎవరిది వాళ్ళకే తెలుస్తుంది. నాలాంటి ఉద్యోగస్తులు చేయాల్సింది ఒకటుంది. ఆ మాటని మన పేరు మీద మోయాలి.

"నీ ఆరు లైన్లు నేను పెట్టుకోనా? నీ పేరు, ఊరు రాయను" అని అడిగాను. వాడు బ్యాగులోంచి తెలుగు నోటుబుక్కు తీసి చివరి పేజీ తెరిచాడు. స్టేటస్ తీసేసే ముందు అందులో రాసుకున్నాడు. పైన తేదీ వేశాడు. కింద హాలు పేరు, టికెట్ ధర కూడా రాసుకున్నాడు. పైన మీరు చదివింది వాడి అనుమతితోనే. దాని మీద గొడవ పడదలచుకున్నవాళ్ళు నాతో పడండి. నాకు కౌలు పొలం లేదు.

ఇప్పుడు మీ అందరికీ ఒక పని. మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళని అడగండి. మొదట చూసిన సినిమా ఏది? ఏ ఊళ్ళో? నేల మీదా, బెంచీ మీదా, కుర్చీలోనా? ఎవరు తీసుకెళ్ళారు, ఆ రోజు కూలి పోయిందా? చూసొచ్చి ఏమన్నారు? వాళ్ళ మాట వాళ్ళ మాటల్లోనే, దిద్దకుండా, తేదీ వేసి రాయండి. రాసింది ముందు మీ దగ్గర దాచుకోండి. ఇబ్బంది లేదనుకుంటే కింద పెట్టండి. ఇబ్బంది ఉంటే నాకు పంపండి, పేరు లేకుండా నేను పెడతాను. ఆ పెద్దవాళ్ళు ఎన్నాళ్ళు ఉంటారో తెలియదు. అడిగేది ఇప్పుడే అడగండి.

వచ్చే వారం హాస్టళ్ళు. ఈసారి తప్పదు.

జై భీమ్.